తలపాగాల జెండా

అనగనగా తల్లీ, నీళ్ళు పాతాళంలో ఉండే ఊరొకటి ఉండేది. ఎండాకాలం వస్తే చేదతాడు బావినీళ్ళకి అందేది కాదు. అప్పుడు మగవాళ్ళు తలపాగా విప్పి తాడు కొసకి ముడేసి నీళ్ళు తోడేవాళ్ళు.

ఆ ఊరి రాజుకి, పక్కరాజు జెండా తన జెండా కంటే పెద్దదని కడుపుమంట. వాడు తొడ కోసుకుంటే నేను మెడ కోసుకుంటానన్న రకం. కోసుకున్నది మాత్రం జనం మెడ.

ఇంకా పెద్ద జెండా కుట్టించాలని, ముందు గొల్లవాళ్ళ ఎర్ర పాగాలు తెమ్మన్నాడు. ఎరుపంటే శౌర్యమట. శౌర్యమా పాడా, గుట్టల మీద ఒకరికొకరు కనబడాలని కట్టుకుంటారు. ఆ తర్వాత రైతుల తెల్ల పాగాలు లాక్కున్నాడు. తెలుపంటే సత్యమట. ఆ ఏడు వడదెబ్బకి ఇద్దరు పోయారు. అదీ చాలక పెళ్ళికొడుకుల పసుపు పాగాలు పెట్టెల్లోంచి తీయించాడు. పసుపంటే సిరి అట.

కుట్టింది దర్జీ ఓబులేసు. గాలికి చిరగకూడదని మూడేసి వరసలు కుట్టాడు. తన పాగా కూడా అందులో కలిపాడు. జెండా ఎగిరిన రోజు కూతురు సుంకిని భుజాల మీద ఎక్కించుకుని చూపించి మురిసిపోయాడు, పిచ్చివాడు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. తాడు అందలేదు. సుంకి బిందె పట్టుకుని బావి రాళ్ళ మీదుగా దిగింది. నీ అంతే ఉంటుంది, ఏడేళ్ళది. కాలు జారింది. నీళ్ళలో ఒక రాయిని పట్టుకుని నాయనా నాయనా అని పిలిచింది.

జనం పరిగెత్తారు. మగవాళ్ళ చేతులు అలవాటుగా తల మీదికి పోయాయి. అక్కడ ఉత్త జుట్టే ఉంది. సుంకి వాళ్ళమ్మ తన చీర విప్పి తాడుకి ముడేసింది. పాత చీర, పిల్ల బరువుకి పర్రున చిరిగింది. అప్పుడు ఓబులేసు జెండా దగ్గరికి పరిగెత్తాడు.

కాపలావాడు ఈటె అడ్డం పెట్టాడు. రాజుగారి సెలవు లేకుండా దించితే తల పోతుందన్నాడు.

"అవి మా తలగుడ్డలయ్యా. నా బిడ్డ బావిలో ఉంది," అన్నాడు ఓబులేసు.

కాపలావాడూ పిల్లలున్నవాడే. కానీ భయం. కోటకి మనిషిని పంపాడు. రాజు భోజనం చేస్తున్నాడు. సెలవు వచ్చి జెండా దిగేసరికి పొద్దు వాలింది. ఓబులేసు పళ్ళతో కుట్లు పీకాడు. మూడు వరసలు కదా, ఊడలేదు. ఊడేసరికి బావిలో పిలుపు ఆగిపోయింది.

మొదట ఊడిన పాగాలోనే సుంకిని చుట్టారు.

మిగిలినవన్నీ ఓబులేసు మూడు రోజులు కూర్చుని విప్పి ఎవరివి వాళ్ళకిచ్చాడు. అప్పుడు కొత్త జెండా కుట్టమని రాజు స్వయంగా వచ్చాడు.

"సూది బావిలో వేశాను దొరా. దిగి తెచ్చుకోండి," అన్నాడు ఓబులేసు.

రాజు బావి దగ్గరికి పోయి, లోపలికి ఒకసారి తొంగి చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఏడవకు తల్లీ, నేనున్నాగా. దగ్గరికి జరుగు.

చెమట చేనుకి, చేద బావికి,
పాగా తలకి, నిద్దర కంటికి,
కథ నడిచిపోయె కంచికి,
మనం మళ్ళుకుందాం ఇంటికి.