ఎవడి మొహం ఇది?

వేలాపురం రాజు తన బొమ్మ వేయించిన రాగికాసు ఏడు సముద్రాల అవతలైనా చెల్లుతుందని నమ్మేవాడు. అందుకే దీవులకు వెళ్లే ఓడవాళ్లెవరూ పరదేశపు కాసులు కొనకూడదని చాటింపు వేయించాడు.

ఓడలో వంట చేసే నూకాలు కొలువుకొచ్చి, పోయిన ప్రయాణంలో మిగిలిన కాసొకటి రాజు చేతిలో పెట్టింది.

"మహాప్రభో, ఇది తీసుకుని బస్తాడు బియ్యం ఇప్పించండి."

రాజు కాసును తిప్పి చూసి మండిపడ్డాడు. "ఎవడి మొహం ఇది? దీనికి చిటికెడు ఉప్పు కూడా రాదు!"

"దీవుల మహారాజుగారిది ప్రభూ. అక్కడ దీనికి బస్తాడు బియ్యం వస్తాయి. తమరి కాసు చూపిస్తే మాత్రం అక్కడి కొట్టువాడూ ఇదే మాటంటాడు. మేం పస్తులుండాలి."

రాజు కిటికీలోంచి సముద్రాన్ని చాలాసేపు చూశాడు. చాటింపు రద్దన్నాడు. మళ్లీ సముద్రం వైపే తిరిగాడు.

"నూకాలూ," అన్నాడు మెల్లగా, "నా మొహం తెలియని మనుషులు అంతమంది ఉన్నారా!"