నక్కబావ దగ్గు

సీతాఫలం చెట్ల పక్కన ఒక దొడ్డి. ఇంటివాళ్లు కూరగాయల తొక్కలు, ఎండుటాకులు, ప్లాస్టిక్ కవర్లు అన్నీ కలిపి గోడమీంచి అందులోకే విసిరేవారు. కుప్ప పెరిగి పెరిగి కోడిపెట్ట చుక్కమ్మ పొదిగే గంపదాకా వచ్చింది. వెనకాలే ఎర్రచీమలూ వచ్చాయి. గంపలో తొమ్మిది గుడ్లు. పిల్లలు కావడానికి ఇంకా నాలుగు రోజులుంది.

"నేను లేస్తే గుడ్లు చల్లారిపోతాయి. ఎవరైనా ఈ కుప్ప సంగతి చూడండయ్యా!" అని మొత్తుకుంది చుక్కమ్మ.

నక్క రానే వచ్చింది. "దానికేం అక్కా! ఒక్క నిప్పుకణిక వేస్తే గంటలో బూడిద. పొగంటావా, ఆకాశంలోకి పోతుంది. ఆకాశం మన దొడ్డిలో లేదుగా!"

"భలే చెప్పావు బావా!" అని గాడిద చెవులాడించింది.

నక్క ఎత్తు వేరు. పొగకు తాళలేక పెట్ట లేచిపోతే గుడ్లన్నీ తనవే.

నేను కాలేజీలో రసాయనశాస్త్రం చదివాను. అందులో ఇప్పుడు గుర్తున్నది ప్రయోగశాల కంపు ఒక్కటే. కవర్లు కాలిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఆ మాత్రం చదువు చాలు. సరే, కథలోకి వస్తాను.

ముసలి ఎద్దు గౌరన్న నెమరు ఆపింది. "మన దొడ్డిలో కొత్త మేత ఎవరు తెస్తే వాళ్లే ముందు నోట పెట్టాలి. చెత్తకైనా అంతే. బావా, ఒక గంపెడు నీ బొరియ ముందు కాల్చి లోపల పడుకో. నా పద్ధతి నా కొట్టం ముందు చేస్తాను. చుక్కమ్మే తీర్పు చెబుతుంది."

కాదంటే గుట్టు బయటపడుతుందని నక్క సరేనంది.

గౌరన్న గాడిద చేత కవర్లు ఏరించి పాతసామాన్ల బండికి పంపింది. గుంట తవ్వి తొక్కలూ ఆకులూ వేసి, పైన పేడా మట్టీ కప్పింది. పక్కనే హాయిగా కునుకు తీసింది.

అటు నక్క మంట పెట్టుకుని లోపల దూరింది. గాలి తిరిగింది. పొగంతా బొరియలోకే! ఖళ్లు ఖళ్లుమంటూ పరుగెత్తుకొచ్చి కుడితితొట్టిలో మూతి ముంచింది. మీసాలు మసి.

"ఏం బావా, ఆకాశం మీ ఇంట్లోకి దిగిందా?" అంది చుక్కమ్మ, గంపలోంచి కదలకుండానే.

దొడ్డంతా పకపకలాడింది. సాయంత్రానికి కవర్లు పోగా మిగిలిన కుప్పంతా గుంటలోకి చేరింది. నాలుగో రోజున తొమ్మిది పిల్లలూ కిచకిచమన్నాయి. వానాకాలానికి గుంటలో నల్లటి ఎరువు, ఎరువు నిండా వానపాములు. పిల్లలకు రోజూ విందే.

నక్క ఇప్పటికీ గోడచాటుకు వస్తుంటుంది. దానికంటే ముందు దాని దగ్గు వస్తుంది. పిల్లలన్నీ గంపకిందికి దూరి, "మిరియాల కషాయం తాగు మామయ్యా!" అని అరుస్తాయి.

నీతి: చెత్తకు దారి చెప్పేవాడు ముందు దాన్ని తన గుమ్మంలో పెట్టి చూసుకోవాలి.