పెద్దక్క కాలికట్టు

ఇటు తిరిగి పడుకో తల్లీ, చెబుతా. గాలివాన వచ్చిన మరుసటి ఏడు, వేసవికాలం. దాళ్వా వరి, అదే రెండో పంట, కోతలు అయిపోయాయి. అనగనగా ఒక ఊళ్ళో అందామంటే వీళ్ళకి ఊరే లేదు. బాతుల వాళ్ళు. చేను కోయగానే వచ్చి బాతుల్ని వదులుతారు. రాలిన గింజలూ నత్తలూ అవి తినేశాక ఇంకో చేనుకి పోతారు. సాయంత్రం వల దడి కట్టిన చోటే వాళ్ళ ఊరు.

అలాంటి ఒక బాతుల వాళ్ళింటికి చిలకమ్మ అని ఒక కొత్తకోడలు వచ్చింది. కోళ్ళు పెంచే ఇంట్లో పుట్టిన పిల్ల. బాతంటే వెడల్పు ముక్కు కోడి అనుకుంది.

మందలో నాలుగు వందల బాతులు. అన్నిటికీ ముందు నడిచే బాతు పేరు పెద్దక్క. పెద్దక్క గట్టు దిగితే మంద దిగుతుంది. పెద్దక్క ఆగితే మంద ఆగుతుంది.

ఒక సాయంత్రం పెద్దక్క దడి బయటే ఉండిపోయింది. అప్పుడు చిలకమ్మ పరుగెత్తి, కోడిని పట్టినట్టే కాలు పట్టి పైకెత్తింది. బాతు గింజుకుంది. కాలు మెలిపడింది. కింద పెడితే కూలబడిపోయింది.

అత్త పరుగున వచ్చింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! బాతుని కాలు పట్టి ఎత్తుతారటే ఎవరన్నా? కోడికి బలం కాళ్ళలో, బాతుకి బలం మెడలో. మెడ పట్టుకుని పొట్ట కింద చెయ్యెయ్యాలి."

"మా ఇంట్లో..." అంది చిలకమ్మ.

"మీ ఇంట్లో కోళ్ళు. నా ఇంట్లో బాతులు."

ఆ తర్వాత అత్త కాలు నొక్కి చూసింది. "విరగలేదు, బెణికింది. నాలుగు రోజుల్లో లాకులు మూసేస్తారు, కాలువలెండిపోతాయి. కొల్లేటికి మూడు రోజుల నడక. కుంటిదాని కోసం ఆగితే మందంతా చస్తుంది. కొల్లేటి గట్టున దించినప్పుడు నిలబడిందా, బతుకుతుంది. లేదా, పులుసే" అంది. బాతుల వాళ్ళ పద్ధతి అది.

చిలకమ్మ ఏడ్చింది. ఆమె మొగుడు నాంచారయ్య వెళ్ళి ఒక బుట్ట తెచ్చాడు.

ఏంటి? తాత పేరా? లోకంలో ఒక్కడికేనా ఆ పేరు? కళ్ళు మూసుకుని విను.

నాంచారయ్యకి మాట తక్కువ, మొండితనం ఎక్కువ. ఆ బుట్టలో గడ్డి పరిచి, పెద్దక్కని కూచోబెట్టి నెత్తికెత్తుకున్నాడు. పెద్దక్క బుట్టలోంచే బెక్ బెక్ మంది. మంద వెనకాలే కదిలింది.

మొదటి రోజు అతను బాతుల్ని తోలే వెదురు కర్రలోంచి ఒక బద్ద చీల్చి నున్నగా గీశాడు. చిలకమ్మ బెణికిన కాలికి మెత్తటి గుడ్డ చుట్టి, బద్ద ఆనించి, మరీ బిగించకుండా కట్టు కట్టింది.

రెండో రోజు ఇంకో బాధ. కింద దించినప్పుడల్లా బరువంతా మంచికాలి మీదే మోపి మోపి, ఆ అరికాలు ఎర్రగా వాచింది. అప్పుడు చిలకమ్మ దాన్ని గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో ముంచి, తుడిచి, పసుపు రాసింది. "అడుగున మెత్తగా ఏదన్నా ఉంటే బాగుణ్ణు" అంది. నాంచారయ్య పెళ్ళికి కుట్టించుకున్న మేకతోలు చెప్పుల్లో కుడిది విప్పి, కత్తితో బాతు పాదమంత ముక్క కోసి, ఆ అరికాలికి జోడులా కట్టాడు.

"అయ్యో, పెళ్ళి చెప్పులు!"

"రెండోది ఉందిగా" అన్నాడు.

ఆ తర్వాత ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిదిగా నడిచాడు. కోసిన వరి మోళ్ళు సూదుల్లా ఉంటాయి తల్లీ, ఎండితే మరీనూ.

మూడో రోజు పెద్దక్క మేత ముట్టలేదు. చిలకమ్మ తవుడు తడిపి అరచేతిలో పెట్టి తినిపించింది. నీటి గుంట కనబడ్డ చోటల్లా దించి, పొట్ట కింద చెయ్యి పెట్టి తేలనిచ్చింది. నీళ్ళలో కాలికి బరువుండదు కదా. మూడో గుంటలో పెద్దక్క కట్టుకాలితోనే మెల్లగా నీళ్ళు తోసింది.

నాలుగో పొద్దున కొల్లేరు కనబడింది. "దించండి" అంది అత్త. పెద్దక్క లేచింది, కూలింది. మళ్ళీ లేచింది, మళ్ళీ కూలింది. మూడోసారి లేచి, తోలుజోడు కాలు ముందుకేసి, కట్టుకాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసి నీళ్ళలోకి జారింది. వెనకే నాలుగు వందల బాతులూ దిగాయి.

"నా నోటికి పులుసు రాసిపెట్టి లేదు" అని అత్త మూతి తిప్పుకుని, చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు చిలకమ్మ మొగుడి కోసం వెనక్కి తిరిగింది. అతను గట్టు మీద కూలబడి ఉన్నాడు. కుడికాలు చీలమండ దాకా వాచిపోయింది. రెండో రోజే చిటికెన వేలి పక్కన వరి మోడు దిగిందట.

"చెప్పలేదేం?" అని ఏడ్చింది.

"నువ్వు ఆ కాళ్ళ పనిలో ఉన్నావుగా" అన్నాడు.

మూడు రోజులూ బాతు కాళ్ళే చూసింది గానీ, పక్కన నడిచే మనిషి కాలు చూడలేదు.

పట్నం ఆసుపత్రిలో ఆ వేలు తీసేశారు.

పెద్దక్క ఇంకో ఆరేళ్ళు మంద ముందు నడిచింది, కొంచెం కుంటుతూ. ఆ తెలివితక్కువ కోడలు ఇప్పుడు నిన్ను జోకొడుతోంది. నాంచారయ్య అదిగో, అరుగు మీద గురక పెడుతున్నాడు.

కథ కంచికి, బాతులు నీటికి,
కునుకు నీ కంటికి, మనం రేపటికి.

మీ తాత కాలివేళ్ళు తొమ్మిది.