మందుల షాపు కోడు

సాంబలింగం బ్యాంకులో కార్డుల విభాగంలో పనిచేసేవాడు. ఎనిమిదేళ్లుగా ముత్యందాసు శిష్యుడు. ఆ రోజు సిరిసిల్ల ఆశ్రమానికి వచ్చి గురువు ముందు కూలబడ్డాడు. దండం పెట్టడం కూడా మరిచిపోయాడు.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు గురువు.

"తప్పు నాదో కాదో మీరే చెప్పాలె గురువు గారూ."

కార్డు తీసుకునే ప్రతి దుకాణానికీ బ్యాంకు ఒక పొడుగాటి నంబరు ఇస్తుంది. దానితో పాటు, అక్కడ జరిగే వ్యాపారం ఏమిటో చెప్పే నాలుగంకెల కోడు ఉంటుంది. బట్టలకు ఒకటి, బంగారానికి ఒకటి, మందులకు ఒకటి. నంబరు తెరమీద పడితే చాలు, అది ఏ ఊళ్లో ఏ కొట్టో సాంబలింగం ఠక్కున చెప్పేవాడు. ఆఫీసులో అందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పు అతనికి బాగానే తలకెక్కింది.

పోయినేడు జగిత్యాలలో ఒక మందుల షాపు అతని కంట్లో పడింది. దసరా ముందు వారంలో దాని అమ్మకాలు ఒక్కసారిగా నాలుగింతలయ్యాయి. "బతుకమ్మ పండుగకు జనం గోలీలు కొంటరా?" అని పక్కవాళ్లతో నవ్వాడు. ఏదో దొంగ వ్యాపారమని రాసి ఆ నంబరు ఆపేశాడు. షాపులో కార్డు గీకే మెషిన్ పనిచేయడం మానేసింది. అప్పటికే కార్డుల మీద వచ్చిన డబ్బు కూడా షాపుకు చేరకుండా బ్యాంకులోనే ఆగిపోయింది. పై ఆఫీసరు భుజం తట్టాడు.

అసలు సంగతి తర్వాత బయటపడింది. మందుల షాపాయన చనిపోయాడు. ఆయన భార్య అదే గదిలో చీరలు పెట్టుకుని, అదే మెషిన్ వాడుకుంటోంది. కోడు మార్పించుకోవాలని ఆమెకు తెలియదు. చెప్పినవాళ్లూ లేరు. నంబరు మళ్లీ తెరిచేసరికి నలభై రోజులు పట్టింది. ఈలోగా సరుకు అరువిచ్చిన సేటు వచ్చి మిగిలిన చీరలన్నీ మూటగట్టుకుని పోయాడు. దుకాణం మూతపడింది.

"మూడుసార్లు ఫోన్ చేసింది గురువు గారూ. నేను చీరలే అమ్ముతున్న సారూ అని ఏడ్చింది. కోడు కలుస్తలేదమ్మా అన్న. రూలు ప్రకారమే చేసిన. అయినా మనసున పడ్తలేదు."

"ఆ దుకాణం నంబరు యాదికున్నదా?"

సాంబలింగం పదిహేనంకెలూ తడుముకోకుండా చెప్పాడు.

"ఆమె పేరు?"

ఆ పేరు అతనికి తెలియదు. రికార్డులో భర్త పేరే ఉంది. ఫోన్ చేసిన ప్రతిసారీ ఆమె ముందుగా తన పేరే చెప్పింది. అతను వినలేదు.

"పోయి తెలుసుకొని రా," అని గురువు లేచి లోపలికి వెళ్లాడు.

జగిత్యాలలో ఆ గదిలో ఇప్పుడు చెప్పుల షాపు ఉంది. ఇదివరకు అక్కడ చీరలమ్మిన ఆమె ఎవరని పక్కన జిరాక్సు తీసే ఆయన్ని అడిగాడు.

"చీరల సుగుణక్కనా? పిల్లను దీస్కొని భీవండి పాయె. అక్కడెవలో చుట్టాలున్నరట. ఫోన్ గూడ కలుస్తలేదు. ఇంతకూ నువ్వెవలు?"

సాంబలింగం సిగ్గుతో తల వంచుకుని బస్టాండు దారి పట్టాడు.

అతను ఆశ్రమం చేరేసరికి భోజనాల వేళయింది. ఆమె పేరు, ఆమె ఊరు విడిచిన సంగతి గురువుకు చెప్పాడు. అక్కడొక పద్ధతి ఉంది. వడ్డించేవాడు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి. పిలిచాకే వాళ్లు వచ్చి విస్తరి ముందు కూర్చుంటారు. ఆ రోజు గురువు గరిటె సాంబలింగం చేతికిచ్చాడు.

అందరూ వచ్చి కూర్చున్నారు. చివర ఒక విస్తరి మిగిలింది. గురువు తానే వంగి అందులో అన్నం పెట్టి, పప్పు పోశాడు.

"పిలువు," అన్నాడు.

"ఆమె ఈడ లేదు గదా గురువు గారూ."

"పిలువు."

"సుగుణక్కా..." సాంబలింగం గొంతు పెంచాడు. "సుగుణక్కా, రా. బువ్వ తిను."

ఎవరూ రాలేదు. కూర్చున్నవాళ్లు ముద్ద ఎత్తకుండా ఆగారు. అతను గరిటె పట్టుకుని వాకిలి వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. కళ్లనుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. విస్తరిలో అన్నం చల్లారింది.

కాసేపటికి గురువు అతని చేతిలోంచి గరిటె తీసుకున్నాడు.

"రేపు గూడ పిలువు," అన్నాడు.