పుంజు దాచిన ఉప్పుగడ్డ

ఆ దొడ్లో పోసే నూకల్లో సగం ఇసుకే. మేకకు పంటికింద రాయి, బాతుకు గొంతులో రాయి. ఏరి పంచే పని చుక్కలపెట్టకు అప్పగించాక ఆ బాధ తీరింది. ఆమె ముక్కు టకటకలాడితే గింజలు ఒక పక్క, రాళ్లు ఒక పక్క. అందరూ మెచ్చి, తొలి వంతు ఆమెకే ఇచ్చారు. గేదె తన ఉప్పుగడ్డను కూడా ఆమె కాపలాలోనే పెట్టింది.

అది చూసి ఆమె మొగుడు డేగపుంజుకు కడుపులో నిప్పులు పోసినట్టయింది. "పొద్దును లేపేది నేను, పేరు దానికా? ఏరడమూ ఒక విద్యేనా?"

ఆ ఉప్పుగడ్డ పోతే పెట్ట పరువు పోతుంది. తనే వెతికి చూపిస్తే పెత్తనం తనదవుతుంది. ఎక్కడ దాచాలి? బాతు నీళ్ల మూకుట్లో గులకరాయి వేసి చూశాడు. పొద్దు వాలినా అడుగునే ఉంది. "భలే చోటు!" అనుకుని, పెట్ట గూట్లోకి వెళ్లగానే ఉప్పుగడ్డను దొర్లించి అందులో పడేశాడు.

తెల్లారి గేదె గోల పెట్టింది. "ఏమే, నా ఉప్పేదీ?"

పెట్ట తెల్లబోయింది. పుంజు మెడ నిక్కించాడు.

"ఆడదానికి తాళాలిస్తే ఇంతే! నేను చూపిస్తే పెత్తనం నాకేనా?"

"నీకే బావా, ఎక్కడుందో చెప్పు," అంది మేక.

"బాతు మూకుట్లో, అడుగున!"

అందరూ తొంగి చూశారు. గులకరాయి తప్ప ఏమీ లేదు. పుంజు కళ్లు తేలేశాడు.

పెట్ట ఆ నీళ్లలో ముక్కు పైన ముంచింది, అడుగున ముంచింది, అంచున ముంచింది. ఎక్కడైనా ఒకటే ఉప్పదనం.

"ఏమయ్యా, రాయీ గింజా ఎంత కలిపినా దేని దారి దానిదే. ముక్కుకు దొరుకుతాయి. ఉప్పూ నీళ్లూ కలిస్తే ఏ చుక్కయినా ఒకటే. ఎవరి ముక్కుకూ దొరకదు. అది సరేగానీ, అడుగున ఉంటుందని నీకెవరు చెప్పారు?"

పుంజు తోక వాలిపోయింది.

"ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాల్సిందే! కానివ్వండి పుంజుగారూ, రెండూ మూకుట్లోనే ఉన్నాయి," అంది గేదె.

"వద్దొదినా," అంది పెట్ట, "తాగితే నీ ఉప్పు పోతుంది. ఏరలేనిదాన్ని ఎండకు వదలాలి. నీళ్లు ఆవిరైతే ఉప్పు అదే మిగులుతుంది."

ఉప్పు మిగిలేదాకా ఆ మండుటెండలో మూకుడికి కాపలా కాసింది పుంజుగారే. నూకలు ఎప్పటిలాగే పెట్ట పంచింది, ఆయన వంతు ఆఖర్న.

కుళ్లుబోతు ఎక్కడ దాచాడో వాడి నోరే చెబుతుంది.