బాలింతల గదిలో గాలి

మా గురువుగారు కమలాకరాచారి గారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. అడిగినవాళ్ళు నోరు మూసుకుని వెంట నడవాలి. ఆయన దగ్గర కట్టడాలు గీయడం నేర్చుకున్న మేమంతా అలా పల్నాటి ఎండలో మాడి మసైనవాళ్ళమే.

ఒక వేసవిలో మాతోపాటు నేర్చుకుంటున్న నీలవేణి అడిగింది. "గురువుగారూ, ఎండనీ గాలినీ చూసుకుని కట్టాలి, కరెంటు తక్కువ వాడాలి అంటున్నారు కదా అందరూ. ఇది నాలుగు రోజుల మోజా, కట్టడంతో పాటు కలకాలం నిలిచేదా?"

ఆ పిల్లకి ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. మా ఊరి ఆసుపత్రిలో బాలింతలకి కొత్త గది గీసింది తనే. కరెంటు పోయినా తల్లీబిడ్డలు ఉక్కకి అల్లాడకూడదని ఎదురెదురుగా ఇంతింత కిటికీలు పెట్టింది. మేమంతా భేష్ అన్నాం. గురువుగారు మాత్రం భేష్ అనలేదు. ఇప్పుడు చెప్పుల కోసం చూశారు.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో కరెంటు లేదు. కొత్త గది తలుపు తీయగానే ఆవిరి మొహాన కొట్టింది. కిటికీలన్నీ మూసేసి, సందుల్లో పాత చీరలు కుక్కి ఉన్నాయి. మంచం మీద అలేఖ్య అనే బాలింత, చెవుల్లో దూది, తలకి గుడ్డ, చెమటతో తడిసి ముద్దయి ఉంది. పక్కన పసివాడు, మెడంతా చెమటకాయలు, గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నీలవేణి ఒక్క అంగలో వెళ్ళి కిటికీ మీద చెయ్యి వేసిందో లేదో, అలేఖ్య అమ్మమ్మ కోటమ్మ అడ్డం వచ్చింది.

"అయ్యో అయ్యో, బాలింతకి గాలి కొడితే ఇంకేమైనా ఉందా! ఎవరమ్మా ఈ కిటికీలు పెట్టించిన మహాతల్లి? ఒక్క పురుడైనా చూసిన మొహమేనా?"

నీలవేణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామూలుగా అయితే నేను నవ్వేవాణ్ణే గానీ, ఆ పసివాడి ఏడుపు వింటూ ఎవడు నవ్వగలడు? గురువుగారు కోటమ్మతో వాదం పెట్టుకోలేదు. నర్సమ్మని అడిగి, తల్లీబిడ్డల్ని వెనకవైపు పాత గదిలోకి మార్పించారు. అది ఆయన వయసులో ఉండగా కట్టించింది.

చుట్టూ వసారా, పడమటివైపు మూరెడు మందాన గోడ. కోటమ్మ తన చీరపేలికలతో సహా వచ్చి, ఉన్న రెండు చిన్న కిటికీలూ మూసింది, తలుపు కింద సందు తడిమి చూసింది, గది నాలుగు మూలలా తిరిగింది.

"హమ్మయ్య! ఇక్కడ గాలే లేదు. కట్టినవాడెవరో సంసారం తెలిసినవాడు," అని కాళ్ళు చాపుకుని కూచుంది. గుమ్మం దగ్గర గురువుగారు బుద్ధిమంతుడిలా నిలబడ్డారు.

చిత్రమేమిటంటే ఆ గదిలో ఉక్క లేదు. కాసేపటికి పసివాడి ఏడుపు తగ్గి, వెక్కిళ్ళయి, అవీ ఆగిపోయాయి. అలేఖ్య నుదుటి మీద చెమట ఆరింది, కళ్ళు మూతపడ్డాయి. ఆ తల్లిని అలా చూస్తే నాకే ప్రాణం లేచొచ్చింది. నీలవేణి గోడలు చూసింది, నేల చూసింది, ఆఖరికి తల పైకెత్తింది. కప్పు బాగా ఎత్తు. కప్పుకి ఆనుకుని రెండు వైపులా గోడ పొడుగునా సన్నటి జాలీ. గాలి అటు నుంచి ఇటు మనుషుల తలల మీదుగా, వేడినంతా ఊడ్చుకుని పోతోంది. మంచం దగ్గర దారప్పోగు కూడా కదలడం లేదు.

నీలవేణి మొహం వెలిగిపోయింది. "బామ్మగారూ, గాలి లేదంటున్నారు గానీ, అదుగో, పైన..." అని వేలెత్తబోయింది.

గురువుగారు చటుక్కున అడ్డం పడ్డారు.

"ఊరుకో తల్లీ," అన్నారు, నిద్రపోతున్న తల్లీబిడ్డలు లేవకుండా, కోటమ్మ చెవిన పడకుండా మెల్లగా. "అదక్కడ ఉందని తెలీకే ఇన్నేళ్ళూ ఎవరూ మూయలేదు."