రాజుగారి చదరంగానికి ప్రాసెసర్

విరజాపురం రాజు భీమవర్మకు ఒకరోజు పొద్దున్నే పంతం పుట్టింది. ఏటా బావమరిదితో జరిగే చదరంగం పోటీలో కంప్యూటర్లు ఆడతాయి, రాజులు మీసాలు దువ్వుకుంటూ చూస్తారు. ఆరేళ్లుగా బావమరిది కంప్యూటరే గెలుస్తోంది. ఈసారి తనకు దేశంలోకెల్లా మంచి ప్రాసెసర్ కావాలన్నాడు.

యంత్రాధికారి నృసింహయ్య ఒకటి తెచ్చాడు, విదూషకుడు కొండుభట్టు ఒకటి తెచ్చాడు. గడియసేపు నడిచాక ఏది ఎక్కువ ఎత్తులు ఆలోచిస్తుంటే అది గెలిచినట్టు. ఓడినవాడు కొలువు వదిలిపోవాలి. ఆ షరతు నృసింహయ్యే పెట్టించాడు. భట్టు మాటలకు రాజు నవ్వుతుంటే అతనికి కడుపుమంట.

నృసింహయ్య ప్రాసెసర్‌కు లెక్కలు చేసే కోర్లు ఎనిమిదే, వేగం మాత్రం మహా వేగం. భట్టుది పదహారు కోర్లతో నిదానంగా నడిచే రకం. ఎత్తులు వెతికే పనికి ఎనిమిదిమంది ఆయాసపడి పరుగెత్తడం కన్నా పదహారుమంది స్థిమితంగా నడవడం మేలని భట్టు వాదించాడు. సభలో ఎవరూ ఒప్పుకోలేదు.

నృసింహయ్య ప్రాసెసర్ బిగించిన తన పెట్టెను, జరీ గుడ్డ కప్పి మరీ, సింహాసనానికి ఆనించి పెట్టాడు. భట్టు పెట్టెకు గుమ్మం పక్క మూల దొరికింది. పరీక్ష మొదలైంది. నృసింహయ్య తెర మీద సెకనుకు మూడు కోట్ల ఎత్తులు. భట్టు తెర మీద రెండు కోట్లు.

"మూటాముల్లె సర్దుకున్నారా భట్టుగారూ?" అన్నాడు నృసింహయ్య.

భట్టుది ఇరవై ఏళ్ల కొలువు. దిక్కుతోచక చూస్తుంటే జరీ గుడ్డ అంచు రెపరెపలాడుతూ కనిపించింది. రాజుకు నలుగురు వీస్తున్న వింజామరల గాలి సగం ఆ పెట్టెకే పోతోంది.

రాజు ఎటు కదిలితే వింజామరలూ అటు కదలాలన్నది ఆ కొలువు ఆచారం.

భట్టు వంగి దండం పెట్టాడు. రేపు పోటీలో గెలిచాక ఊరేగింపుకు ఏ ఏనుగునెక్కుతారో మేడ మీద నుంచి చూసి సెలవివ్వమన్నాడు. రాజు ఉత్సాహంగా లేచాడు. వెనకే నాలుగు వింజామరలూ లేచాయి. ఒక ఏనుగు పొట్టి, ఒకదానికి దంతం వంకర. రాజు ఎంచి ఎంచి తిరిగొచ్చేసరికి గడియ నిండింది.

భట్టు తెర మీద రెండు కోట్లు అలాగే ఉన్నాయి. నృసింహయ్య తెర మీద కోటి. నృసింహయ్య ఉత్తరీయం తీసి చెమటలు కక్కుతూ పెట్టెకు విసురుతున్నాడు.

ఇదేమిటని రాజు అడిగాడు. ఏలినవారు లేచి వెళ్లడంతో గాలి తగలక వేడెక్కి మందగించిందని, కాస్త విసిరితే మళ్లీ మూడు కోట్లు ఖాయమని నృసింహయ్య చెప్పుకున్నాడు.

రాజు భట్టు వైపు చూశాడు.

"అయితే రేపు బావమరిదిగారి ఎదుట దీన్నే సింహాసనం మీద కూర్చోబెట్టండి ప్రభూ. తమరు పక్కన నిలబడి విసురుదురుగాని" అన్నాడు భట్టు.

రాజు నవ్విన నవ్వుకు కిరీటం జారి ముక్కు మీదికొచ్చింది. సభంతా పొట్టలు పట్టుకుంది. రాజు తన చేతి కంకణం తీసి భట్టు చేతికి తొడిగాడు. నృసింహయ్య మాత్రం ఇంకా విసురుతూనే ఉన్నాడు.